నడుము ప్లస్సులో ఉన్నదట, చెయ్యి మాత్రం విరిగింది: అమ్మ డెక్సా రిపోర్టు గురించి ఒక చెల్లె ప్రశ్న

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. అమ్మకు 58 ఏళ్లు. పోయిన వానకాలం బాత్రూం కాడ కాలు జారి పడపోతుంటే చెయ్యి ఆనిచ్చింది, కుడి చెయ్యి మణికట్టు కాడ విరిగింది, ఆరు వారాలు పిండికట్టు. తర్వాత మండలంల ఫ్రీ క్యాంపు పెడితే తీస్కపోయినం. మడమ ఒక చిన్న మిషన్‌ల పెట్టించి మైనస్ 2.9 వచ్చింది, బొక్కలన్నీ గుల్లయినయి అని 3,600 రూపాయల పొడి డబ్బాలు చేతిల పెట్టిన్రు. భయమై హైదరాబాద్‌ల బొక్కల గట్టితనం చూసే డెక్సా స్కాన్ చేపిస్తే నడుము ప్లస్ 1.6, తుంటి మైనస్ 1.9 అని వచ్చింది. అక్కడి డాక్టర్ రెండు నిమిషాలు చూసి, నడుము మస్తు గట్టిగున్నది, క్యాల్షియం వేస్కోమ్మా చాలు అన్నడు. ఒకరు గుల్ల అంటరు, ఒకరు గట్టి అంటరు. మా వదినె అయితే ఇదంతా పైసలు గుంజుడు అంటున్నది. ఏది నమ్మాలె? అమ్మకు 34 ఏళ్లకే గర్భసంచి తీసేసిన్రు, నడుం పట్టేసి సరిగ వంగలేదు కూడా. నాకు 36, నేను కూడా చేపిచ్చుకోవాల్నా?

జవాబు:

చెల్లె, నువ్వు మర్రిగూడ అని రాసినవు చూడు, నాకు సగం జవాబు ఆడనే దొరికింది. ఆ నంబర్లు చూసిన డాక్టర్‌కు గానీ క్యాంపోళ్లకు గానీ మీ ఊరేందో మీరు చెప్పి ఉండరు, వాళ్లు అడిగి ఉండరు.

ముందుగాల ఒక మాట, నేను డాక్టర్ని కాను. 22 ఏళ్లు ఎక్స్‌రే గదులల్ల పనిచేసిన టెక్నీషియన్ని, అందులో చివరి తొమ్మిదేళ్లు డెక్సా మిషన్ మీదనే. మందు రాసుడు నా పని కాదు, కానీ ఆ కాయితం ఎట్ల తయారైతదో, ఎక్కడ మోసపోతమో నాకు బాగ తెలుసు, అది చెప్త.

మడమ మిషన్ సంగతి తొందరగ తేల్చేద్దాం. అది ఎక్స్‌రే కాదు, అల్ట్రాసౌండ్. మడమకు జెల్ రాసి అటుపక్క నుంచి ఇటుపక్కకు శబ్ద తరంగాలు పంపి ఎంత వేగంగ పోతున్నయో ఎంత తగ్గుతున్నయో చూస్తది. రేడియేషన్ ఉండదు, ఆటోల వేస్కొని పోవచ్చు, అందుకే క్యాంపులల్ల అదే కనిపిస్తది. పనికిరాని మిషన్ అని నేననను, ఎవరికి పెద్ద పరీక్ష అవసరమో ఏరడానికి పనికొస్తది. కానీ మైనస్ 2.5 దాటితే ఆస్టియోపోరోసిస్, అంటే బొక్కలు గుల్లబారే జబ్బు, అనే గీత ఉన్నది చూడు, అది 1994ల ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టింది, అది మడమ అల్ట్రాసౌండ్‌కు గీసిన గీత కాదు. ఒక కంపెనీ మడమ మిషన్ మైనస్ 2.9 అంటే ఇంకో కంపెనీది అదే మనిషికి ఇంకో తీరు అంటది. అట్లాంటి నంబర్ పట్టుకొని బొక్కలన్నీ గుల్లయినయి అని చెప్పి ఆ టేబుల్ మీదనే డబ్బాలు అమ్మినోడి గురించి మీ వదినె అన్నది తప్పేం కాదు. కానీ డెక్సాను కూడా అదే గంపల వేస్తే ఒప్పుకోను.

డెక్సా అంటే రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రే కిరణాలు పంపి, కండ ఎంత ఆపింది బొక్క ఎంత ఆపింది అని విడదీసి లెక్కగట్టుడు. పది పదిహేను నిమిషాలు పండుకుంటే చాలు, సూది లేదు, సొరంగంల దూరుడు లేదు, రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే కూడా తక్కువ. మామూలు ఎక్స్‌రేల బొక్క పల్చబడ్డది కంటికి తెల్వాలంటే దాదాపు మూడో వంతు ఖనిజం పోయి ఉండాలె, అందుకే ఈ పరీక్ష కనిపెట్టిన్రు. నడుము పూసలు నాలుగు, తుంటి, అవసరమైతే ముంజేయి చూస్తరు. వచ్చిన సాంద్రతను ఇరవైల వయసున్న ఆరోగ్యంగల ఆడోళ్ల సగటుతో పోలుస్తరు, దాన్నే టీ స్కోర్ అంటరు. మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 1కి మైనస్ 2.5కి నడుమ ఉంటే ఆస్టియోపీనియా అంటే తగ్గుడు మొదలైంది, మైనస్ 2.5 గానీ అంతకంటే కింద గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్.

ఇంతవరకు ఎవరైనా చెప్తరు. ఎవరూ చెప్పనిది ఏందంటే ఆ మిషన్‌కు లోతు తెల్వదు. బొమ్మ తీసినట్టు పైనుంచి చూస్తది, కిరణం పోయే తొవ్వల ఏది అడ్డమొస్తే దాన్నంతా బొక్క ఖాతాలనే రాసుకుంటది. పూసల అంచులకు పెరిగిన ముళ్లు, బొక్కల నడుమ తాళ్లలాంటి లిగమెంట్లకు పట్టిన సున్నం, పెద్ద రక్తనాళం గోడకు పట్టిన సున్నం, ఆఖరికి పొద్దుగాల మింగిన క్యాల్షియం గోలీ కడుపుల కరగకుంటే అది కూడా. అందుకే స్కాన్‌కు ముందు రోజు నుంచి క్యాల్షియం వేస్కోవద్దంటరు. నేను కొత్తల ఉన్నప్పుడు ఒక అవ్వ వచ్చింది, పుస్తెలు తీపించిన, పిన్నీసులు తీపించిన, స్కాన్ చేస్తే నాలుగో పూస ఒక్కటే పైమూడింటి కంటే ఎంతో ఎక్కువ. నేను ఆగమాగంగ రిపోర్టు పంపిన. సాయంత్రం డాక్టర్ పిలిచి స్క్రీన్ చూపెట్టి ఈ గుండ్రంగున్నదేంది అన్నడు. చూస్తే అవ్వ బొడ్లె కొంగుముడిల ఐదు రూపాయల బిళ్ల, బస్ కిరాయికి దాచుకున్నది. నేను ఆ బిళ్లను కూడా బొక్కల లెక్క కట్టి పంపిన. మళ్ల పిలిచి చేసిన, ఆమె అసలు స్కోరు మైనస్ 3 కాడ తేలింది. ఆ రోజు నుంచి నేను నంబర్ చూసే ముందు బొమ్మ చూస్తున్న.

ఇప్పుడు మీ అమ్మ ప్లస్ 1.6 కాడికి వద్దాం. 58 ఏళ్ల మనిషి, 34 ఏళ్లకే గర్భసంచి పోయింది, నిలబడ్డ ఎత్తు నుంచి పడితే మణికట్టు విరిగింది, తుంటి మైనస్ 1.9. ఇసొంటి మనిషి నడుము ఇరవై ఏళ్ల పిల్ల నడుము కంటే గట్టిగ ఉండుడేంది? నేనైతే ఆ కాయితం చూడంగనే, అమ్మా మీ ఊర్ల ఏ నీళ్లు తాగిన్రు అని అడుగుత.

మన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చౌటుప్పల్ దిక్కు ఫ్లోరైడ్ బోరు నీళ్ల గురించి నీకు నేను చెప్పేదేముంది. 1996ల నల్లగొండ పార్లమెంటు ఎన్నికకు 480 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పుస్తకమంత అచ్చేయాల్సొచ్చింది, ఆ లొల్లంతా ఈ నీళ్ల కోసమే కదా. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌ల నీరీ సంస్థ తయారుచేస్తే దానికి పేరే నల్గొండ టెక్నిక్ అయింది, పాఠ్యపుస్తకాలల్ల మన జిల్లా పేరు అట్ల ఎక్కింది. మనకు కనిపించేది వంకర కాళ్లు, పచ్చ పళ్లు. కనిపించనిది ఏందంటే ఏళ్ల తరబడి లీటర్‌కు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగినోళ్ల బొక్కల అది ఇంకుతది. బొక్కల ఖనిజంల ఒక భాగాన్ని తోసేసి ఆ జాగల తను కూసుంటది. అప్పుడు బొక్క సాంద్రత పెరుగుతది, ముఖ్యంగ వెన్నుపూసలల్ల, కటి బొక్కలల్ల. ఎక్స్‌రేల చూస్తే సున్నం కొట్టిన గోడ లెక్క తెల్లగ ఉంటది. పూసల నడుమ తాళ్లకు కూడా సున్నం పట్టి నడుము ఒక్కటే కట్టె అయితది. డెక్సా దీన్నంతా కూడబెట్టి ప్లస్సు అని రాస్తది. కానీ ఆ బొక్క అల్లిక బాగుండదు, బరువైన బొక్కే గానీ పెళుసు.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. ఒకప్పుడు ఫ్లోరైడ్‌నే ఈ జబ్బుకు మందు అనుకున్నరు. 1990ల అమెరికాల మేయో క్లినిక్ వాళ్లు ఆస్టియోపోరోసిస్ ఉన్న 202 మంది ఆడోళ్లతో నాలుగేళ్లు చేసిన పరీక్ష ఫలితం అచ్చేసిన్రు. సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, అందరికీ క్యాల్షియం. ఫ్లోరైడ్ తిన్నోళ్ల నడుము సాంద్రత 35 శాతం పెరిగింది, మిషన్ చూసినోళ్లయితే పండుగ చేసుకోవాలె. కానీ వెన్నుపూసలు విరుగుడు తగ్గలేదు, ముంజేయి బొక్క 4 శాతం పల్చబడ్డది, వెన్ను కాకుండ మిగతా బొక్కలు విరిగింది మామూలు గుంపుల 24 అయితే ఫ్లోరైడ్ గుంపుల 72. ఆ మందు మీద ఆశ ఆడి నుంచే సన్నగిల్లింది. మన దగ్గర మాత్రం అదే పరీక్ష ఎవరినీ అడగకుండ బోర్లల్ల కొన్ని తరాలు నడిచింది.

మీ అమ్మ ముంజేయే కదా విరిగింది.

మరి మీ అమ్మకు ఫ్లోరోసిసే, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బే, అని నేను ఈడ కూసోని తీర్పు చెప్పలేను, నడుం పూసల అరుగుదల వల్ల గూడ ప్లస్సు రావచ్చు, కూలిపోయి అణిగిన పూస కూడా తక్కువ జాగల ఎక్కువ ఖనిజం చూపెట్టి గట్టిగున్నట్టే కనిపిస్తది. మూడిట్ల ఏదన్నది తేలాలె. అందుకు మీ ఇంట్లనే ఒక సాక్ష్యం ఉన్నది. చెయ్యి విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే ఫిల్ము, బీరువా మీద బట్టల కింద ఎక్కడనో పెట్టి ఉంటరు, అది తీయి. వెలుతురుకు పెట్టి చూడు, ముంజేయిల రెండు బొక్కలు పక్కపక్కన ఉంటయి కదా, వాటి నడుమ ఖాళీల ఒక బొక్క అంచు నుంచి ఇంకోదాని దిక్కు రంపపు పళ్ల లెక్క, ముళ్లకంచె లెక్క తెల్లగ ఏమన్న పొడుచుకొచ్చి ఉన్నదా? ఆ నడుమ ఉండే పొరకు సున్నం పడితే అట్ల కనిపిస్తది, ఫ్లోరోసిస్‌కు అది పెద్ద గుర్తు. మణికట్టు కాడికే తీసిన చిన్న ఫిల్మయితే కనపడకపోవచ్చు, ఆ లెక్కన ముంజేయి మొత్తం ఒక ఎక్స్‌రే తీయమని అడగాలె, పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంకో మూడు చిన్న పరీక్షలు ఊర్లల్ల ఆరోగ్య కార్యకర్తలు చేసేవి ఉన్నయి. గడ్డం ఛాతీకి ఆనుతదా, రెండు చేతులు ఎత్తి తల వెనక్కి పెట్టుకుంటదా, మోకాళ్లు వంచకుండ కింద బిళ్ల తీయగలుగుతదా. ఆఖరిది మీ అమ్మతోని బలవంతంగ చేపియ్యకు, పూస ఏదన్న పల్చగ ఉంటే వంగుడే దెబ్బ. నడుం పట్టేసి వంగలేదని నువ్వే రాసినవు కాబట్టి అది అయిపోయినట్టే అనుకో. నేను టేబుల్ మీద పండవెట్టినప్పుడు చానామంది మన దిక్కు పెద్దోళ్లకు తల దిండుకు ఆనేది కాదు, గాలిల ఆగిపోయేది, ఇంకో దిండు పెట్టేటోన్ని. మోకాళ్ల కింద స్పంజి దిమ్మె పెట్టి నడుము టేబుల్‌కు ఆనించాలె, వాళ్లకు ఆనదు. హైదరాబాద్‌ల ఉన్న టెక్నీషియన్‌కు అది ముసలితనం అనిపిస్తది, నాకు మా ఊరు యాదికొస్తది.

ఇక విరుగుడు గురించి. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే బొక్క విరిగిందంటే, ఆ వయసుల, అదే ఒక రిపోర్టు. మిషన్ కంటే ముందు బొక్క చెప్పింది. తుంటి మైనస్ 1.9 అనేది కాయితం మీద ఆస్టియోపీనియానే, ఇంకా గీత దాటలేదు, కానీ దాంతోని ఇట్ల చిన్న దెబ్బకే మణికట్టు విరుగుడు కూడా కలిస్తే ఆస్టియోపోరోసిస్ కిందనే చూడాలనే డాక్టర్లు ఉన్నరు. పైగా ఫ్లోరైడ్ తుంటి నంబర్‌ను కూడా కొంచెం పైకి లేపుతది, అంటే అసలు సంగతి ఆ మైనస్ 1.9 కంటే కిందనే ఉండొచ్చు. అందుకే క్యాల్షియం వేస్కోమ్మా చాలు అన్న మాట నాకు నచ్చలేదు. ఆయన తప్పు అనను, రెండు నిమిషాలల్ల ప్లస్సు కనిపించింది, ఊరి పేరు కనిపించలేదు.

గర్భసంచి ముచ్చట నువ్వు ఆఖరికి ఒక్క ముక్కల రాసినవు గానీ నా లెక్కల అది మొదటి వరుసల రాయాల్సింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీయించుకున్న ఆడోళ్లు ఎక్కువున్న రాష్ట్రాలల్ల మనదీ ఆంధ్రా ముందు వరుసల ఉంటయి, అది కూడా చిన్న వయసులనే. సంచి తీసేటప్పుడు పక్కనున్న అండాశయాలు కూడా తీసిన్రా ఉంచిన్రా అన్నది తెల్వాలె. ఉంచితే కొంత కాలం హార్మోన్ వస్తది. తీసేస్తే ఆ రోజు నుంచే బందు, బొక్కను కాపాడే ఈస్ట్రోజన్ ఒక్కసారి పడిపోయి మొదటి కొన్నేళ్లు సాంద్రత దబదబ తగ్గుతది. మీ అమ్మకు అది 34ల జరిగితే 24 ఏళ్లు బొక్క కాపలా లేకుండ ఉన్నట్టు. పాత డిశ్చార్జి కాయితం దొరికితే తీస్కపో. అది లేకుంటే, ఆపరేషన్ అయిన నెలల్లనే ఒంట్లకెల్లి ఆవిర్లు, చెమటలు వచ్చినయా అని అమ్మను అడుగు, ఆమెకు మంచిగ గుర్తుంటది.

ఇప్పుడు చేయాల్సింది ఏందంటే, ఈ కాయితాలన్నీ పట్టుకొని ఎండోక్రైనాలజిస్ట్ కాడికి పో, అంటే హార్మోన్ల డాక్టర్, షుగర్ థైరాయిడ్ చూస్తరు కదా వాళ్లే. పోంగనే మొదటి మాట, మాది ఫ్లోరైడ్ ఊరు సార్, ఇన్నేళ్లు బోరు నీళ్లు తాగింది అని చెప్పు, మిగతాదంతా తర్వాత. నడుము నంబర్ పక్కన పెట్టి తుంటి, ముంజేయి చూడమని అడుగు. ముంజేయి స్కాన్ ఎడమ చేతికి చేయాలె, కుడిది విరిగింది కాబట్టి అతుకు కాడ లెక్క తప్పుతది. అదే డెక్సా మిషన్ మీద ముంజేయి చేస్తరు, అడగనిదే చాలా చోట్ల చేయరు. వెన్నుకు పక్కనుంచి ఒక ఎక్స్‌రే, ఎందుకంటే వెన్నుపూస విరిగిన సంగతి చానామందికి తెల్వనే తెల్వదు, నడుం నొప్పి అనుకొని జండూబామ్ రాసుకుంటరు. ఎత్తు కొలువు, పెండ్లినాటి కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గిందనిపిస్తే అదొక గుర్తు. పాత కొలత ఎక్కడుంటది అంటవా, పాత జాకెట్ లంగ పొడుగు చూసి మా అమ్మ చెప్పేది, కింద ఎంత ఈడుస్తున్నదో.

రక్త పరీక్షలు కూడా తప్పకుండ. క్యాల్షియం, ఫాస్పరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, డి విటమిన్, కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, పీటీహెచ్ అనే హార్మోన్. ఎందుకంటే డి విటమిన్ బాగ తక్కువుంటే బొక్క మెత్తబడే జబ్బు వేరే ఉన్నది, దాంట్ల కూడా డెక్సా మైనస్సే చూపెడ్తది, మిషన్‌కు ఈ రెండిటికి తేడా తెల్వదు. కిడ్నీ సంగతి రెండు రకాలుగ కావాలె, ఒకటి ఫ్లోరైడ్ బయటికి పోయే తొవ్వ అదే, రెండోది బొక్కల మందులు కొన్ని కిడ్నీ బాగలేనోళ్లకు ఇయ్యరు. కీళ్ల నొప్పులకనో ఆయాసానికనో ఎప్పుడన్న ఆర్‌ఎంపీ కాడ నెలల తరబడి స్టెరాయిడ్ గోలీలు వాడి ఉంటే దాచకుండ చెప్పు, మూడు నెలలు వాడినా బొక్క మీద దెబ్బ పడ్తది. చిన్న తెల్ల గోలీ, తింటే నొప్పి మాయం, ఆకలి పెరిగింది, మొఖం నిండింది అంటే అదే.

మందుల పేర్లు నేను చెప్పి నువ్వు మెడికల్ షాపుల కొనుక్కునేది వద్దు, పైగా ఫ్లోరోసిస్ ఉంటే డాక్టర్లు కూడా ఆచితూచి ఇస్తరు, ముందు డి విటమిన్ క్యాల్షియం సరిచేసినంకనే. కానీ వారానికొకసారి వేసే 70 మిల్లీగ్రాముల గోలీ రాస్తే మాత్రం ఇది గుర్తుంచుకో: పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతోని, చాయ్‌తోని పాలతోని కాదు, వేసుకున్నంక అరగంట మళ్ల ఒరగొద్దు, లేకుంటే అన్నవాహిక పుండవుతది. ఆర్నెల్లకొక సూది రాస్తే దాన్ని మధ్యల మనంతట మనం బందుపెట్టొద్దు, ఆపంగనే వెన్నుపూసలు వరుసగ విరిగినోళ్లున్నరు. డి విటమిన్ 60 వేల యూనిట్లది వారానికొకటి అని రాస్తే కొందరు రోజుకొకటి మింగుతున్నరు, అది బలం కాదు విషం.

తిండి గురించి పెద్దగ రాయ, మీకు తెలిసిందే. ఆ వయసు ఆడోళ్లకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలంటరు మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) వాళ్లు. గ్లాసు పాలల్ల సుమారు 240, వంద గ్రాముల తైదలల్ల, అంటే రాగులల్ల, 350 దాకా, గుప్పెడు మునగాకు, రెండు చెంచాల నువ్వులు. పొద్దున తైద అంబలి, ఒక పూట పెరుగు, సర్వపిండిల నువ్వులు కొంచెం చెయ్యి జారనియ్యి. ఫ్లోరైడ్ ఉన్న ఊర్లల్ల క్యాల్షియం తక్కువ తిన్నోళ్లకే ఎక్కువ దెబ్బ కొడ్తది, పిల్లలకైతే మరీ. ఆ 3,600 డబ్బా పారెయ్యకు, వెనక ఒక చెంచాకు క్యాల్షియం ఎంతని రాసి ఉంటది చూడు, ఆ నంబర్ చూసినంక ఎంత పాలపొడి ఎంత చక్కెర అమ్మిన్రో నీకే తెలుస్తది.

నీళ్లు. భగీరథ నల్లా వచ్చింది కదా, కృష్ణా నీళ్లే తాగుతున్నం అంటవు. తాగుడు సరే, అన్నం పప్పు దేంతోని వండుతున్నరు? నల్లా రాని రోజు బోరు బిందె పొయ్యి మీదికి పోతున్నదా? కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకింత చిక్కనైతది. చాయ్ పొడిల కూడా ఫ్లోరైడ్ ఉంటది, అమ్మ రోజుకు ఐదారు సార్లు నల్ల చాయ్ తాగేదుంటే రెండుకు తేవాలె. బొక్కల చేరింది ఒక్కరోజుల దిగదు, ఏళ్లు పడ్తది, కొత్తది చేరకుంటే అదే మేలు.

నీ సంగతి. నీకు 36, నెలసరి సరిగ్గ వస్తున్నది, స్టెరాయిడ్లు వాడలేదు, చిన్న దెబ్బకు ఏ బొక్కా విరగలేదు అంటే ఇప్పుడు డెక్సా వద్దు. పైసలు దండుగ అనే కాదు, నీ వయసుల టీ స్కోర్ లెక్కనే వాడరు, జడ్ స్కోర్ అని నీ ఈడు వాళ్లతోని పోల్చేది వేరే ఉంటది, అది తెల్వకుండ ఎవరో మైనస్ 1.5 అని భయపెట్టి ఇంకో రెండు డబ్బాలు అమ్ముతరు. మామూలుగ 65 దాటిన ఆడోళ్లందరికీ, అంతకు ముందే అయితే మీ అమ్మ లెక్క కారణం ఉన్నోళ్లకు చేస్తరు. నీకు ఒక్కటే చెప్త, ఎవరన్న తెల్లబట్టకో నడుం నొప్పికో గర్భసంచి తీసేద్దాం అంటే అక్కడనే తలూపకు, రెండో డాక్టర్‌ను అడుగు. మీ అమ్మను 34ల ఎవరూ అడగనియ్యలేదు.

మళ్ల స్కాన్ ఏడాదికో రెండేళ్లకో చేయమంటే అదే సెంటర్‌ల అదే మిషన్ మీద చేపియ్యి. కంపెనీ మారితే నంబర్ మారుతది, తగ్గిందా పెరిగిందా తెల్వదు, అట్ల పోల్చి లొల్లి పెట్టుకున్నోళ్లను మస్తు మందిని చూసిన.

ముందు ఈ వారంల ఆ బాత్రూం కాడ పాచి గీకించి, పట్టుకోను గోడకు ఒక ఇనుప పైపు బిగించు, రాత్రి లేస్తే లైటు ఉండేటట్టు చూడు. మందు పనిచేయనీకి నెలలు పడ్తది, పాచి ఇయ్యాల్నే ఉన్నది.

ఇంకో సంగతి, నువ్వు నంబర్లు రాసి పంపినవు గానీ రిపోర్టుల రెండో పేజీ ఉంటది, పూసల బొమ్మ, పక్కన నాలుగు పూసలకు నాలుగు విడివిడి స్కోర్లు. దాని ఫోటో తీసి పంపు, అమ్మ పేరు మీద వేలు పెట్టి దాచి తియ్యి. నాలుగూ ఒకే తీరు ఉన్నయా, ఏదన్న ఒక్కటే ఎగిరి ఉన్నదా చూసి చెప్త.